తెర వెనుక గొంతు: న్యాయపతి రాఘవరావు, తెలుగు రేడియో హాస్యం

(సామర్లకోటలో చేసిన న్యాయపతి రాఘవరావు స్మారకోపన్యాస పాఠం)

ఆంధ్రదేశమంతటా ‘రేడియో అన్నయ్య’ అనే పేరుతోనే తెలిసిన న్యాయపతి రాఘవరావు గారి స్మృతికి సమర్పితమైన ఈ ఉపన్యాసానికి, ఆయన పుట్టిన బరంపురం కాని, పేరు తెచ్చుకున్న మద్రాసు కాని, జీవితపు చివరి దశాబ్దాలు గడిపిన హైదరాబాదు కాని కాక, గోదావరి సీమలోని సామర్లకోట పట్టణం వేదిక కావడం మొదట కొందరికి వింతగా తోచవచ్చు. అయితే రాఘవరావు చేసిన పనిని తెలుగువారి వినోద సంప్రదాయాల వెలుగులో పరిశీలించినప్పుడు, ఆ పనికి మూలాలు వెతకవలసిన తావుల్లో ఈ మండలంలోనే ఉన్న మాధవపట్నం ఒకటని స్పష్టమవుతుంది. తరతరాలుగా తోలుబొమ్మలాటనే జీవనంగా చేసుకున్న కుటుంబాలు ఉన్న ఊరు అది.

రేడియోలో శ్రోతలను పలకరించి, కార్యక్రమాన్ని నడిపించి, నవ్వించే మనిషి తెలుగువారికి పాశ్చాత్య దేశాల నుంచి యంత్రంతోపాటు దిగుమతి అయిన కొత్త మనిషి కాడన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే ప్రధాన విషయం. తోలుబొమ్మలాటలో తెర వెనుక నుంచి మాట్లాడిన కేతిగాడు, బుర్రకథలో కథకుడి పక్కన నిలబడి అడ్డుప్రశ్నలు వేసిన హాస్యపు వంత చేస్తూ వచ్చిన పనినే ఆ మనిషి కొత్త పరికరం ముందు కొనసాగించాడు. ఆ పాత పనిని ఇంట్లోకి తెచ్చి, దానికి బంధుత్వపు గౌరవాన్ని ఇచ్చి, చివరకు దాన్ని పిల్లల చేతికే అప్పగించడం రాఘవరావు, ఆయన సహధర్మచారిణి కామేశ్వరి గార్ల ప్రత్యేకత. ఈ మార్పు ఎంత పెద్దదో తెలుగు సాహిత్య చరిత్రలు ఇంకా తగినంతగా గుర్తించలేదు.

ముందుగా తెర వెనుక ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. తోలుబొమ్మలాటలో తెల్లని పంచెలు కుట్టి కట్టిన తెరకు వెనుక దీపం ఉంటుంది. ఆ దీపానికీ తెరకూ మధ్య, రంగులు వేసిన తోలుబొమ్మలను ఆడించేవారు నిలబడతారు. ఆంధ్ర ప్రాంతపు బొమ్మలు దేశంలోని ఇతర ప్రాంతాల బొమ్మలతో పోలిస్తే చాలా పెద్దవి. రాముడూ రావణుడూ ఇంచుమించు నిలువెత్తు మనుషుల పరిమాణంలో ఉంటారు. ఆడించేవారి కాళ్ళ కింద చెక్క పలకలు పరిచి ఉంటాయి. యుద్ధఘట్టం రాగానే వాటిని గట్టిగా తొక్కి రణధ్వని పుట్టిస్తారు. రంగనాథ రామాయణ ద్విపదలు గంభీరంగా సాగుతున్న సమయంలో, కథతో ఏమాత్రం సంబంధం లేని ఒక చిన్న బొమ్మ గెంతుకుంటూ తెర మీదికి వస్తుంది. అదే కేతిగాడు. అతని వెనుకే బంగారక్క వస్తుంది, జుట్టుపోలిగాడు వస్తాడు, ముగ్గురూ పోట్లాడుకుంటారు, ఊరి కరణాన్నీ మోతుబరినీ పేరు పెట్టకుండానే ఆటపట్టిస్తారు, అప్పుడే గడిచిన ఘట్టంలో ప్రేక్షకులకు కలిగి ఉండగల సందేహాన్ని గట్టిగా అడిగేస్తారు. తరవాత కథ మళ్ళీ తన దారిన సాగిపోతుంది.

ఈ ఏర్పాటులో గమనించవలసిన అంశం, నవ్వు పుట్టించిన మనిషి ముఖం ప్రేక్షకులకు కనబడకపోవడం. నాటకరంగంలో హాస్యనటుడు తన ఒంటితో, వేషంతో, ముఖకవళికలతో సగం పని చేసుకోగలడు. తోలుబొమ్మలాటలో బొమ్మకు మాట ఇచ్చే కళాకారుడికి ఆ వెసులుబాటు లేదు. కేతిగాడి కీచుదనం, బంగారక్క దెప్పిపొడుపు, పోలిగాడి అమాయకత్వం అన్నీ గొంతు మార్పుతోనే, విరుపుతోనే, సరైన చోట ఆగి మాట వేయడంతోనే పలకాలి. అందుచేత, రేడియో రావడానికి ఎంతో ముందే, కనబడని మనిషి గొంతు విని నవ్వడం తెలుగు పల్లెకు అలవాటైన విషయం. తరవాతి కాలంలో స్టూడియోలలో కొబ్బరిచిప్పలు తాటించి గుర్రపు డెక్కల చప్పుడును, కాగితం నలిపి మంటల చిటపటను పుట్టించిన శబ్దకారులకు, మాధవపట్నం కళాకారుల కాళ్ళ కింది పలకలు పూర్వరూపాలని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

బుర్రకథది మరొక పద్ధతి. మధ్యలో తంబుర పట్టిన కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. వంత అంటే కథకుడి మాటను అందుకుని పలికే తోడుగాయకుడు. ఆ ఇద్దరిలో ఒకరు వర్తమాన విషయాలను వ్యాఖ్యానించే రాజకీయపు వంత, మరొకరు హాస్యపు వంత. హాస్యపు వంత తెలివితక్కువవాడిగా నటిస్తాడు కాని, నిజానికి సభలోని అతి సామాన్యుడి తరఫు ప్రతినిధి అతనే. కథకుడు ఎత్తుకు పోయినప్పుడల్లా అతన్ని నేలకు దింపి, అర్థం కానిదాన్ని మళ్ళీ చెప్పించి, ఆ చెప్పించడంలోనే నవ్వు పుట్టిస్తాడు. రేడియో కార్యక్రమ నిర్వాహకుడి పని ఇంతకంటే భిన్నమైనది కాదు.

ఇక రేడియో సంగతి. మద్రాసులో 1924లోనే ఔత్సాహికుల రేడియో క్లబ్బు ప్రసారాలు సాగించినా, 1930లో నగర కార్పొరేషన్ ఆ పనిని చేపట్టినా, తెలుగు మాటకు స్థిరమైన ఆకాశమార్గం ఏర్పడినది 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైన తరవాతనే. అప్పటికి హైదరాబాదులో దక్కన్ రేడియో ఉన్నప్పటికీ అది నిజాం రాజ్యపు సంస్థ. సర్కారు జిల్లాల శ్రోతలకు మద్రాసే దిక్కు. ఆ కేంద్రం సైతం తన సమయాన్ని తమిళానికీ తెలుగుకూ పంచవలసి వచ్చేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేంత వరకు, అంటే సుమారు పదేళ్ళ పాటు, గోదావరి తీరాన రేడియో పెట్టె ఉన్న కొద్దిపాటి ఇళ్ళు, ఆ ఇళ్ళ అరుగుల మీద చేరిన ఇరుగుపొరుగులు తెలుగు మాట కోసం మద్రాసు వైపే చెవి ఒగ్గి ఉండేవారు.

అటువంటి కాలంలో ఆ కేంద్రంలో తెలుగు పిల్లల కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవారు రాఘవరావు దంపతులు. ఆయన 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. నాటి గంజాం జిల్లా తెలుగు, ఒడియా భాషల సరిహద్దు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి కార్యక్షేత్రమైన పర్లాకిమిడి కూడా ఆ ప్రాంతంలోనిదే. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లవాడికి, ఇంటిలో మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో కనిపించే తెలుగుకూ మధ్య ఉన్న దూరం తొందరగా తెలిసివస్తుంది. రాఘవరావు మైకు ముందు పలికిన సులభమైన తెలుగుకు ఈ నేపథ్యం కొంత కారణమై ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. కామేశ్వరి 1908లో జన్మించారు; కార్యక్రమ రూపకల్పనలోనూ నిర్వహణలోనూ ఆమె పాత్ర భర్త పాత్రకు అనుబంధం కాదు, సమానం. ఈ మాటను నొక్కి చెప్పవలసి రావడానికి కారణం, స్మారక సభలన్నీ అన్నయ్య పేరిట జరిగి, అక్కయ్య పేరు ఉపవాక్యంలోకి జారిపోవడమే.

వారిద్దరినీ తెలుగు పిల్లలు పిలిచిన పిలుపులోనే వారి పద్ధతి అంతా ఉంది. దంపతులైనవారిని పిల్లలు అన్నయ్య, వదిన అని పిలవడం లోకంలో సహజం. ఇక్కడ మాత్రం భర్త రేడియో అన్నయ్య, భార్య రేడియో అక్కయ్య. అంటే వారిలో ఎవరూ ఒకరి ద్వారా మరొకరికి బంధువు కారు. ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ ఇద్దరూ విడివిడిగా, నేరుగా తోబుట్టువులే. పెద్దలు వరసలు కలుపుకునే లెక్కల్లో ఇమడని ఈ బంధుత్వాన్ని పిల్లలు ఎంత సులభంగా అంగీకరించారో గుర్తుచేసుకుంటే, ఆ పిలుపు నియమావళి వల్ల వచ్చినది కాదని, గొంతులోని చనువు వల్ల నిలిచినదని తెలుస్తుంది.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి పిలుపులు లేకపోలేదు. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ పిల్లల కార్యక్రమంలో 1920ల నుంచీ నిర్వాహకులు అంకుల్, ఆంటీ అనే పేర్లతో పలకరించారు. ‘అంకుల్ మ్యాక్’గా ప్రసిద్ధుడైన డెరెక్ మెకల్లక్ ఆ దేశపు పిల్లలందరికీ పరిచితుడు. అయితే అంకుల్ అనే పిలుపులో ఒక తరం ఎడం ఉంది; ఆ మనిషి కథ చెబుతాడు, పిల్లలు వింటారు. తెలుగు ఇంట్లో అన్నయ్య స్థానం వేరు. తండ్రి ముందు నోరెత్తని పిల్లవాడు అన్నయ్యతో వాదిస్తాడు, వెక్కిరిస్తాడు, అలుగుతాడు, అయినా అన్నయ్య చెప్పిన మాట వింటాడు. సిలోన్ రేడియో నుంచి 1952లో మొదలైన బినాకా గీత్‌మాలలో అమీన్ సయానీ శ్రోతలను అక్కచెల్లెళ్ళుగా, అన్నదమ్ములుగా సంబోధించి ఉపఖండమంతటినీ ఆకట్టుకోవడం కూడా ఈ సందర్భంలో స్మరించదగినది; దానికి పుష్కర కాలం ముందే మద్రాసులో ఒక తెలుగు జంట ఆ సంబోధనకు ఇంటిపేరంతటి స్థిరత్వాన్ని కల్పించింది.

హాస్యం విషయంలో ఈ బంధుత్వానికి మరింత లోతైన ఫలితం ఉంది. కేతిగాడి హాస్యంలో ఒక పాలు బూతు ఉండేదన్నది దాచవలసిన విషయం కాదు. అర్ధరాత్రి వేళ ఊరి బయలులో, చీకటిలో, జనసమూహం మధ్య అది చెల్లింది. తెలుగు సమాజంలో సరసపు మాటకు అనుమతి ఉన్న వరస బావామరదళ్ళది. కేతిగాడు, బంగారక్కల సంభాషణ దాదాపు ఆ హద్దుల్లోనూ, హద్దులు దాటీ నడిచేది. రేడియో పెట్టె అలా కాదు. అది సాయంకాలం వేళ నడిమింట్లో, అత్తాకోడళ్ళూ మామగారూ పసిపిల్లలూ ఒకే చోట ఉన్న సమయంలో మాట్లాడుతుంది. అటువంటి చోట హాస్యం చెప్పవలసినవాడికి రెండు ప్రమాదాలు ఎదురవుతాయి: హద్దు దాటితే పెట్టె కట్టేస్తారు, హద్దుకు భయపడి నీతులు చెబితే విననే వినరు. అన్నయ్య, అక్కయ్య అనే వరసలు సరసానికి తావు లేకుండానే చనువుకు పూర్తి తావు ఇచ్చాయి. కేతిగాడి అల్లరి, ప్రశ్నించే చొరవ, పెద్దల బడాయిని బయటపెట్టే చురుకు మిగిలాయి. మిగతాది నిశ్శబ్దంగా తొలగిపోయింది. తెలుగు హాస్య చరిత్రలో ఇంతటి సంస్కరణ ఇంత తక్కువ ఆర్భాటంతో మరొకసారి జరగలేదు.

అంతకుముందు ఇదే గోదావరి సీమలో హాస్యాన్ని సంస్కరణకు సాధనం చేసినవారు లేకపోలేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు, అంటే ఒక దురాచారాన్ని నవ్వులపాలు చేసే చిన్న నాటకాలు, ఆ బాట వేశాయి. అదే నగరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావు మధ్యతరగతి ఇంటి మాటతీరులోనే నవ్వు ఉందని నిరూపించారు. కాని వారిద్దరి హాస్యంలోనూ పిల్లలు నవ్వుకు వస్తువులు కాగలరే తప్ప నవ్వించే కర్తలు కాలేదు. రాఘవరావు దంపతులు ఆ గీత చెరిపివేశారు.

నాటి ప్రసారాలు చాలా మటుకు ప్రత్యక్ష ప్రసారాలన్న సంగతి ఈ తరం విద్యార్థులకు వివరించవలసి ఉంటుంది. ముందుగా ధ్వనిముద్రణ చేసి, తప్పులు తీసివేసి వినిపించే అవకాశం అరుదు. పలికినది పలికినట్టే ఆ క్షణంలోనే వందల మైళ్ళ దూరం వెళ్ళిపోతుంది. గోడలకు మెత్తలు కొట్టి, చప్పుడు బయటికి పోకుండా మూసిన గదిలో, ఒకే ఒక మైకు చుట్టూ పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనుక నిలబడాలి. ఎర్ర దీపం వెలగగానే దగ్గు, తుమ్ము, గుసగుస అన్నీ ఆగిపోవాలి. తన వంతు వచ్చినవాడు ఒక అడుగు ముందుకు వేసి మాట చెప్పి, కాగితం గలగలలాడకుండా వెనక్కు తగ్గాలి. పెద్ద నటులకే చెమటలు పట్టించే ఈ క్రమశిక్షణను ఆరేడేళ్ళ పిల్లలకు నేర్పి, నేర్పినట్టు తెలియకుండా ఆట పాట పొడుపుకథలతో కలిపి నడిపించడం ఎంత కష్టమో ఉపాధ్యాయులైనవారు ఊహించగలరు. పిల్లవాడు మాట మరిచిపోతే, ఆ మరుపును అన్నయ్య అందుకుని దాన్నే ఒక పరిహాసంగా మలచాలి; పిల్లవాడు చిన్నబోకూడదు, శ్రోతకు లోటు తెలియకూడదు. కథకుడి మాటను వంత అందుకోవడం పాత సంప్రదాయమైతే, ఇక్కడ పసివాడే కథకుడు, పెద్దవాడు వంత. స్థానాలు తారుమారైన ఈ ఘట్టమే రాఘవరావు కృషికి శిఖరం.

రేడియోలో మొదలైన ఈ పని స్టూడియో గోడల మధ్య ఆగలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం ఏర్పడింది. ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 ఆగస్టులోనే ‘బాల’ మాసపత్రిక వెలువడింది. ఆ పత్రికలో లటుకు, చిటుకు అనే పాత్రల కబుర్లు చదివిన పిల్లలకు అక్షరాల్లోనే గొంతులు వినిపించాయంటే, అది రేడియో మాటల ఒరవడిలో నడిచిన పత్రిక కావడం వల్లనే.

ఆ పత్రిక ఎవరిని పెంచిందన్నది గోదావరి వాసులకు ప్రత్యేకంగా ప్రీతికరమైన అధ్యాయం. 1931లో ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ బాల పత్రికలోనే అచ్చయింది; 1933లో నరసాపురంలో పుట్టిన బాపు తొలి బొమ్మలు వెలుగు చూసినదీ అక్కడే. మద్రాసులో చదువుకుంటున్న ఆ ఇద్దరు గోదావరి పిల్లలు రేడియో అన్నయ్య బృందానికి చేరువై, బాలానందం అనే ఆ పిల్లల కార్యక్రమంలో పాల్గొన్నారు. 1950లలో వెంకటరమణ రాసిన ‘బుడుగు’లో పిల్లవాడు తన లోకాన్ని తానే, తన మాటలోనే, పెద్దల దిద్దుబాటు లేకుండా చెబుతాడు. ఆ రచనకు ప్రేరణలు అనేకం ఉండవచ్చు. అయినప్పటికీ, పసివాడి మాటే కథ నడపగలదనే నమ్మకం ఒక రచయితకు బాల్యంలోనే మైకు ముందు కలిగి ఉంటే, ఆ నమ్మకాన్ని ఇచ్చినవారి పేరు తెలుగు గద్య చరిత్రలో ప్రస్తావనకు అర్హమైనదే.

రేడియోకు గోదావరి ప్రాంతం ఇచ్చినది కూడా తక్కువ కాదు. ఇక్కడికి సమీపాన పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆకాశవాణికి నాటికలు, సంగీత రూపకాలు రాశారు. 1920లో నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రంలో చేరి, తరవాత విజయవాడ ప్రసారాలకు ఒక రూపాన్నే కల్పించారు. హాస్యం మాటకు వస్తే, విజయవాడ కేంద్రం ప్రసారం చేసిన ‘గణపతి’ నాటకాన్ని ముందుగా చెప్పాలి. చిలకమర్తి లక్ష్మీనరసింహం నవల ఆధారంగా వచ్చిన ఆ నాటకంలో గణపతి పాత్రను నండూరి సుబ్బారావు ధరించారు. అది నేటికీ శ్రోతలు వెతుక్కుని వినే ప్రసారం. చిన్ననాటి నుంచీ రేచీకటితో బాధపడి, తరవాత చూపు పూర్తిగా కోల్పోయిన చిలకమర్తి సృష్టించిన పాత్ర, చూడనవసరం లేని మాధ్యమంలో మరో జన్మ ఎత్తడం విశేషం. ఆకతాయి, చదువు రానివాడు, అయినా శ్రోత కోపగించుకోలేని గణపతిని నండూరి సుబ్బారావు గొంతులో విన్నవారికి, ఆ విరుపులో, ఆ సాగదీతలో కేతిగాడి ఛాయ తప్పక వినిపిస్తుంది.

హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమంలో రాంబాబుగా డి. వెంకట్రామయ్య ఇంటింటికీ పరిచితులయ్యారు. ఆ కార్యక్రమంలో ఇంకా చిన్నక్క, ఏకాంబరం వంటి పాత్రలు ఉండేవి. ప్రభుత్వ పథకాలను, భద్రతా సూత్రాలను, పొదుపు సంగతులను వారు తమలో తాము వాదించుకుంటూ, ఎగతాళి చేసుకుంటూ చెప్పారు. ఉపన్యాసంగా ఇస్తే నిద్రపుచ్చే సమాచారాన్ని సంభాషణగా మార్చిన ఈ పద్ధతి బుర్రకథ వంతలదే. అక్క అనే వరసతో శ్రోతకు దగ్గర కావడం మద్రాసులో ఆ దంపతులు వేసిన బాటే.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన 1956లో రాఘవరావు దంపతులు హైదరాబాదుకు తరలివచ్చి, బాలానంద సంఘాన్ని అక్కడ కొనసాగించారు. 1980లో కామేశ్వరి, 1984 ఫిబ్రవరి 24న రాఘవరావు కన్నుమూశారు. అప్పటికే దూరదర్శన్ నగరాల ఇళ్ళలో చోటు సంపాదించుకుంటోంది. నేటి ఎఫ్‌ఎమ్ కేంద్రాల్లో యువ వ్యాఖ్యాతలు చూపుతున్న వేగం, సమయస్ఫూర్తి మెచ్చదగినవే. అయితే వారి కార్యక్రమాల్లో పిల్లల గొంతు దాదాపు వినబడదు. వినబడినప్పుడు సైతం, ఫోనులో దొరికిన పిల్లవాడిని ఆటపట్టించి పెద్దలను నవ్వించడమే ఎక్కువ. రాఘవరావు చెరిపిన గీత మళ్ళీ గీయబడుతోందని ఆవేదనతో చెప్పవలసి వస్తోంది.

అన్నిటికంటే బాధాకరమైన సంగతి మరొకటి ఉంది. ప్రత్యక్ష ప్రసారాల కాలపు పని కావడం వల్ల, ఆ తొలి దశాబ్దపు పిల్లల కార్యక్రమాల్లో అధిక భాగం గాలిలో కలిసిపోయింది. చరిత్రకారుడికి మిగిలినవి పత్రిక సంచికలు, ఫొటోలు, విన్నవారి జ్ఞాపకాలు మాత్రమే. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోలో మైకు ముందు నిలబడినవారు, ఇక్కడి అరుగుల మీద కూర్చుని వారిని విన్నవారు ఇప్పుడు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. అదే సమయంలో, మాధవపట్నంలో కేతిగాడికి గొంతు ఇవ్వగల కళాకారులు తమ పిల్లలను వేరే బతుకుతెరువులకు పంపుతున్నారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు వారి కళకు ఆదరణ చూపని సమాజానికి లేదు.

కాబట్టి ఈ సభకు వచ్చిన ఉపాధ్యాయులకు ఒక విజ్ఞప్తి. ఈ విద్యాసంవత్సరంలోనే ప్రతి ఉన్నత పాఠశాల నుంచి కొందరు విద్యార్థులను మాధవపట్నం పంపి, కేతిగాడు, బంగారక్కల సంభాషణలను కళాకారుల నోట సెల్‌ఫోన్లలోనైనా రికార్డు చేయించండి. కళాకారుల శ్రమకు తగిన పారితోషికం ముందుగానే ఏర్పాటు చేయండి. పెద్దలకు మరొక విజ్ఞప్తి. అటకల మీద, పాత పెట్టెల్లో ‘బాల’ సంచికలు, బాలానందం గ్రామఫోన్ రికార్డులు ఉన్నవారు వాటిని తూకానికి వేయకుండా దగ్గరలోని గ్రంథాలయానికి అందజేయండి. చిన్నతనంలో రేడియో అన్నయ్యను, అక్కయ్యను విన్నవారు, తమకు గుర్తున్నంత వరకు, ఆ మాటలను మనవల చేత రాయించండి.